రెండు చప్పుళ్ల మధ్య ఖాళీ: నాన్న కోసం చేస్తున్న హెచ్‌ఆర్‌వీ పరికరం డైరీ

మార్చి 2

పార్సిల్ వచ్చింది. గుండె విద్యుత్ సంకేతాన్ని పట్టే ఏడీ8232 బోర్డు ఒకటి, మూడు తీగల కేబుల్, యాభై ఎలక్ట్రోడ్ ప్యాడ్ల ప్యాకెట్టు. ఆ సంకేతాన్ని చదివే చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డు నా దగ్గర ఉన్నదే, నిరుడు విద్యార్థుల ప్రాజెక్టుకి కొన్నది.

ఎందుకు మొదలుపెట్టానో ముందు రాసి పెట్టుకోవాలి. సంక్రాంతి వెళ్లిన వారానికి నాన్నకి గుండెపోటు వచ్చింది. ఛాతీలో నొప్పి లేదు. ఒళ్లంతా చెమటలు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, అంతే. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నారు. అమ్మ పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లబట్టి దక్కారు. స్టెంట్ వేశారు. డిశ్చార్జ్ రోజు డాక్టరు గారిని అడిగాను, నొప్పి ఎందుకు రాలేదని. "పద్దెనిమిదేళ్ల షుగర్ కదమ్మా, గుండెకి వెళ్లే నరాలు దెబ్బతింటే నొప్పి కూడా సరిగా తెలియదు" అన్నారు.

గుండెలో రక్తనాళాల గురించే ఇంట్లో అందరం మాట్లాడుకున్నాం. నరాల సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ నరాలు ఎలా ఉన్నాయో బయటి నుంచి చూసే దారి ఒకటుంది. అదే హార్ట్ రేట్ వేరియబిలిటీ, పొట్టిగా హెచ్‌ఆర్‌వీ. నాడి నిమిషానికి 70 అంటే ప్రతి 857 మిల్లీసెకన్లకీ ఒక చప్పుడు అని కాదు. ఒకసారి 830, ఒకసారి 880, మళ్లీ 850. ఈ ఎగుడుదిగుడు ఉండాలి. గడియారంలా తు.చ. తప్పకుండా కొట్టుకునే గుండె వైద్యులకి నచ్చదు.

నా కాన్పు గుర్తొచ్చింది. పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె వేగం కాగితం మీద గీస్తుంటే, నర్సమ్మ ఆ గీతని చూసి "బాగా గజిబిజిగా ఉంది, మంచిది" అంది. సాపుగా ఉంటేనే భయమట. 1965లో హాన్, లీ అనే ఇద్దరు గమనించినది అదే: కడుపులో బిడ్డ ఇబ్బంది పడుతున్నప్పుడు గుండె వేగం మారడానికి ముందే చప్పుళ్ల మధ్య తేడాలు తగ్గిపోతాయి.

మార్చి 5

మొదటి గీత వచ్చింది, కానీ గుండె కనపడలేదు. స్క్రీన్ నిండా దట్టమైన దువ్వెన పళ్లు. లెక్కపెడితే సెకనుకి 50. ఇంట్లో కరెంటు హమ్. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేశాను, సగం తగ్గింది. ట్యూబ్‌లైట్ ఆపి, కేబుల్ మూడు తీగల్నీ జడలా అల్లి, ప్యాడ్లు పెట్టే చోట స్పిరిట్‌తో తుడిచి మళ్లీ చూశాను. అప్పుడు కనిపించింది: చిన్న దిబ్బ, ఆ వెనకే నిటారుగా లేచిన ముల్లు, తర్వాత గుండ్రటి కొండ. నా గుండె.

ఈ పరికరం చేయాలనుకునేవాళ్లు ఇది మాత్రం మరవొద్దు. ఒంటి మీద ప్యాడ్లు ఉన్నంతసేపూ దేనికీ గోడ సాకెట్ కనెక్షన్ ఉండకూడదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి, లేదంటే బోర్డుకి పవర్ బ్యాంక్ పెట్టుకోవాలి. ఆసుపత్రి మిషన్లలో ఉండే విద్యుత్ రక్షణ మన టేబుల్ మీద బోర్డులో ఉండదు. నాన్నకి పెట్టేది కాబట్టి నేను పవర్ బ్యాంక్ తప్ప ఇంకేదీ వాడను అని నిర్ణయించుకున్నాను.

వేలికి పెట్టే ఎర్ర లైటు సెన్సర్ చవక కదా అని మా ల్యాబ్ అసిస్టెంట్ అడిగాడు. వేగం తెలియడానికి అది చాలు. నాకు కావలసింది మిల్లీసెకన్లు. వేలి దగ్గర నాడి అల మొద్దుగా ఉంటుంది, శిఖరం ఫలానా చోటని గట్టిగా చెప్పలేం. పైగా గుండె నుంచి వేలికి రక్తం అల చేరే సమయం కూడా మారుతూ ఉంటుంది. ఈసీజీ ముల్లు సూదిలా ఉంటుంది, అందుకే అది.

మార్చి 11

నాలుగు రోజులు ఒక్క తప్పు మీదే పోయాయి. దాన్ని వివరంగా రాస్తాను, ఇంకొకరికి ఆ నాలుగు రోజులూ మిగులుతాయి.

సెకనుకి 250 శాంపిళ్లు, అంటే సిగ్నల్‌ని 250 సార్లు చదవడం, కావాలని ప్రోగ్రాంలో డిలే 4 అని రాశాను. నాలుగు మిల్లీసెకన్లు ఆగడం, చదవడం, పంపడం. అయితే చదవడానికీ పంపడానికీ కూడా సమయం పడుతుంది, అది ప్రతిసారీ ఒకేలా ఉండదు. అంటే నా గడియారమే తడబడుతోంది. గుండెలో లేని తేడాలు నా కోడ్ నుంచి వచ్చి కలుస్తున్నాయి.

అనుమానం తీర్చుకోవడానికి కాలేజీ ల్యాబ్‌లో ఫంక్షన్ జనరేటర్ నుంచి సెకనుకి సరిగ్గా ఒక పల్స్ చొప్పున నేరుగా ఈఎస్‌పీ32 పిన్నుకి ఇచ్చాను. తేడాలే లేని సిగ్నల్ అది, హెచ్‌ఆర్‌వీ దాదాపు సున్నా రావాలి. 9 మిల్లీసెకన్లు వచ్చింది. షుగర్ ఉన్న పెద్దవాళ్లలో అసలు హెచ్‌ఆర్‌వీయే పది, ఇరవై దగ్గర తిరిగే చోట తొమ్మిది తప్పు అంటే కొలతే లేనట్టు.

డిలే తీసేసి, సరిగ్గా సమయానికి చదివించే టైమర్ ఇంటరప్ట్ పెట్టాను, వేగం 500కి పెంచాను. శాంపిళ్లని ముందు బఫర్‌లో వేసి, తర్వాత తీరిగ్గా పంపించాను. ఇప్పుడు అదే పరీక్షలో 2 లోపు. రెండు మిల్లీసెకన్ల అడుగుతో కొలిస్తే ఒకటిన్నర దాకా తప్పు ఎలాగూ ఉంటుంది, అంతకంటే కిందికి దిగదు. చాలు.

మార్చి 16

ముల్లుని పట్టుకునే పద్ధతి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. పాన్, టాంప్కిన్స్ అనే ఇద్దరు 1985లో ప్రచురించిన దారి ఇప్పటికీ నడుస్తోంది: ముల్లు వేగానికి దగ్గరి తరంగాల్ని మాత్రమే ఉంచు, వాలు కట్టు, వర్గం చెయ్యి, కొంత వెడల్పులో కూడు, హద్దు దాటితే అది చప్పుడు. నేను చేర్చిందల్లా, చప్పుడు దొరికాక మళ్లీ అసలు గీత మీదికి వెనక్కి వెళ్లి ముల్లు కొన ఎక్కడుందో వెతకడం.

ఈ సాయంత్రం నాన్నకి మొదటిసారి పెట్టాను. కాలర్ ఎముకల కింద చెరో ప్యాడ్, కుడివైపు పక్కటెముకల కింద ఒకటి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా పడుకోవాలి అన్నాను. రెండో నిమిషంలో "పాలవాడికి డబ్బులిచ్చారా" అన్నారు. మళ్లీ మొదటి నుంచి.

వచ్చిన వాటిలో ఆరు చప్పుళ్ల అంతరాలు నోటుపుస్తకంలో రాసి ఆయన పక్కన కూర్చుని చేత్తో లెక్క కట్టాను: 902, 918, 911, 889, 897, 921. పక్కపక్క వాటి తేడాలు 16, 7, 22, 8, 24. వాటి వర్గాలు 256, 49, 484, 64, 576. మొత్తం 1429. ఐదుతో భాగిస్తే 285.8. వర్గమూలం 16.9. దీనికే ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అని పేరు. పొట్టి రికార్డింగులకి, గుండెని నెమ్మదింపజేసే వేగస్ నరం పనితీరు చూపించేది ఇదే, నేను ఇదొక్కటే అనుసరిస్తాను.

"వందకి పదహారా? ఫెయిలయ్యానన్నమాట" అన్నారు నాన్న.

అప్పుడు ఆయనకి తెలిసిన భాషలో చెప్పాను. ఆర్టీసీలో 31 ఏళ్లు బస్సు నడిపిన మనిషి. గుండెలో లయ పుట్టించే చోటు ఒకటుంది. నరాలేవీ పట్టుకోకుండా దాన్ని వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొట్టుకుంటుంది. వేగస్ నరం దాని మీద బ్రేకు. విశ్రాంతిగా ఉన్నప్పుడు 60, 70 ఉందంటే ఆ బ్రేకు మీద కాలు ఉన్నట్టు. ఊపిరి పీల్చినప్పుడు కాలు కొంచెం లేస్తుంది, వదిలినప్పుడు మళ్లీ ఆనుతుంది. సింపథెటిక్ నరాలు ఆక్సిలరేటర్, వాటి ప్రభావం నెమ్మదిగా వస్తుంది, నెమ్మదిగా పోతుంది. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య తేడా తెప్పించగల చురుకుదనం బ్రేకుకే ఉంది.

నాన్న కాసేపు ఆలోచించి, "ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి ఉంచకూడదు, కొంచెం వదులుతూ కొంచెం తొక్కుతూ దింపాలి. నా కాలికి ఆ పట్టు తగ్గిందంటావు" అన్నారు. నేను ఏ పుస్తకంలోనూ ఇంత బాగా చదవలేదు.

మార్చి 17 నుంచి ఏప్రిల్ 6 దాకా

రోజూ పొద్దున్న లేచి ముఖం కడుక్కున్నాక, కాఫీకి ముందు, పడుకుని, ఐదు నిమిషాలు. 15, 18, 17, 19, 14, 18. నాన్నకి ఇవి "మార్కులు" అయిపోయాయి. నిద్ర పట్టని మర్నాడు, జ్వరం తగిలిన రెండు రోజులు 11కి దిగింది. నాది 38 చుట్టూ తిరుగుతోంది. నాన్న పోల్చుకుంటున్నారు, వద్దని చెప్పాను. వయసుతో ఇది సహజంగానే తగ్గుతుంది, మనిషికీ మనిషికీ తేడా ఎక్కువ. గుండె వేగం తగ్గించడానికి ఆయన వాడే మెటోప్రొలాల్ మందు కూడా ఈ అంకెని మారుస్తుంది. ఎవరి అంకెని వాళ్ల పాత అంకెతోనే చూసుకోవాలి, అదీ ఒక్క రోజుది కాదు, వారానిది.

ఏప్రిల్ 9

లోతు ఊపిరి పరీక్ష. షుగర్ వల్ల గుండె నరాలు దెబ్బతిన్నాయా అని చూడటానికి స్కాట్లండ్‌లో ఈవింగ్, క్లార్క్ అనే వైద్యులు స్థిరపరిచిన పరీక్షల్లో ఇది ఒకటి. ఐదు సెకన్లు పీల్చాలి, ఐదు సెకన్లు వదలాలి, ఒక నిమిషం పాటు. ప్రతి ఊపిరిలో గుండె వేగం ఎంత పైకి, ఎంత కిందికి వెళ్లిందో తేడా తీసి సగటు చూస్తారు. ఆ తేడా నిమిషానికి 15 లేదా అంతకంటే ఎక్కువైతే మామూలు, 10 లేదా అంతకంటే తక్కువైతే అనుమానించాలి. పెద్ద వయసులో కొంత తగ్గించుకుని చూడాలి.

నాది 21. నాన్నది 6.

ఆ అంకె చూశాక లేచి వంటింట్లోకి వెళ్లాను. అమ్మ పప్పు తాలింపు పెడుతోంది. ఏమీ చెప్పలేదు. జనవరిలో ఆ రాత్రి నొప్పి ఎందుకు తెలియలేదో ఈ ఆరు అంకె నాకు చెప్పింది. వేగస్ పోగులు చాలా పొడవైనవి, షుగర్ ముందుగా పొడవాటి నరాల్ని పట్టుకుంటుంది. కాళ్ల తిమ్మిర్ల గురించి నాన్న ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నారు. అదే జబ్బు లోపల గుండె దాకా వెళ్లిందని మాకెవరికీ తోచలేదు.

సాయంత్రం డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆసుపత్రిలో మళ్లీ సరిగ్గా చేసి చూద్దాం అన్నారు. ఈలోగా పడుకున్నవారు ఒక్కసారిగా లేవకూడదు, ముందు కూర్చుని, కాసేపాగి నిలబడాలి, బీపీ పడిపోయే ప్రమాదం ఉంది అన్నారు. ఇంకో మాట అమ్మకి కూడా చెప్పమన్నారు: కారణం లేకుండా చెమట, ఆయాసం, నీరసం వస్తే నొప్పి కోసం ఎదురుచూడొద్దు, వెంటనే తీసుకురండి. ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

ఏప్రిల్ 20

అమ్మ తనకీ పెట్టమంది. విష్ణు సహస్రనామం చదువుతుంటే చూద్దామని పెట్టాను. గీతంతా చెదిరిపోయింది, గొంతూ ఛాతీ కండరాలూ కదిలితే ముల్లు అందులో కలిసిపోతోంది. ఊపిరి కూడా క్రమంగా లేదు, శ్లోకం ఎక్కడ విరిగితే అక్కడ పీలుస్తుంది.

తర్వాత గొంతు పైకి రాకుండా, లోపలే నెమ్మదిగా ఓంకారం అనుకుంటూ వదలమన్నాను. పది సెకన్లకి ఒక ఊపిరి పడింది. చప్పుళ్ల అంతరాల్ని వరసగా గీస్తే, అప్పటిదాకా రాళ్ల దారిలా ఉన్న గీత సముద్రపు అలలా లేచి పడటం మొదలైంది. 66 ఏళ్ల మనిషి గుండె 62కీ 75కీ మధ్య మెత్తగా ఊగుతోంది. నేను, అమ్మ ఇద్దరం మాట్లాడకుండా స్క్రీన్ చూస్తూ ఉండిపోయాం.

దీనికి కారణం తెలిసిందే. మెడ దగ్గరి రక్తనాళాల్లో బీపీని కనిపెట్టే సెన్సర్లు ఉంటాయి. బీపీ పెరిగితే గుండెని నెమ్మదించమంటాయి, తగ్గితే వేగం పెంచమంటాయి. ఈ చుట్టు ఒకసారి తిరిగి రావడానికి దాదాపు పది సెకన్లు పడుతుంది. ఊపిరి కూడా అదే పది సెకన్లకి కుదిరితే, ఉయ్యాలని సరైన సమయంలో నెట్టినట్టు ఊపు పెరుగుతుంది. ఇటలీలో బెర్నార్డి బృందం 2001లో 23 మంది మీద చూసింది ఇదే: జపమాల తిప్పుతూ లాటిన్‌లో ప్రార్థన చెప్పినా, "ఓం మణి పద్మే ఓం" అన్నా ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చి ఈ బీపీ చుట్టు బలపడింది.

అయితే నాన్నకి రోజువారీ కొలత అప్పుడు మాత్రం మామూలు ఊపిరే ఉండాలి. నెమ్మది ఊపిరితో అంకె పెంచుకుంటే ఆ అంకెకి అర్థం ఉండదు. నెమ్మది ఊపిరి సాయంత్రం పూట విడిగా చేస్తున్నారు, మంచిదే.

మే 4

48.

నిన్నటిదాకా 18 దగ్గర ఉన్నది ఒక్కసారిగా 48! నాన్నకి చెప్పేశాను. ఆయన అమ్మకి, అమ్మ ఎదురింటి పిన్నికి. మధ్యాహ్నం పాయసం కూడా చేశారు, నాన్న గ్లాసులో చక్కెర లేకుండా.

మే 5

65.

సంతోషం కలగలేదు. నెలా పదిహేను రోజులుగా కదలని అంకె రెండు రోజుల్లో మూడున్నర రెట్లు ఎందుకు అవుతుంది? మందు మారలేదు, నిద్ర మారలేదు.

మే 6, రాత్రి

దొరికింది.

మే 4 నాటి ఐదు నిమిషాల గీతని మొదటి నుంచి కళ్లతో చూసుకుంటూ వెళ్లాను. 333 చప్పుళ్లు. నాలుగో నిమిషంలో ఒకటి తొందరపడింది. దాని ముల్లు మిగతావాటిలా సన్నగా లేదు, వెడల్పుగా, వంకరగా ఉంది. ముందుండాల్సిన చిన్న దిబ్బ లేదు. దాని తర్వాత పెద్ద ఖాళీ. అంతరాలు ఇలా ఉన్నాయి: 900, 570, 1230, 900. ఎక్టోపిక్ బీట్, లయ పుట్టే చోటు నుంచి కాకుండా వేరే చోటు నుంచి వచ్చిన చప్పుడు.

లెక్క వేశాను. తేడాలు 330, 660, 330. వాటి వర్గాల మొత్తం 6,53,400. మిగతా మూడు వందల చిల్లర తేడాలన్నీ కలిపినా లక్షా పదివేలు దాటవు. ఒక్క చప్పుడు 18ని 48 చేసేసింది. మే 5న అలాంటివి రెండు.

నా ప్రోగ్రాం దాన్ని మంచి వార్తగా చూపించింది. నేనూ అలాగే చెప్పాను. రాత్రి ఒంటిగంట అవుతోంది, నిద్ర పట్టడం లేదు. ఎక్కువ ఉంటే మంచిది అని నేనే ఇంట్లో అందరికీ నేర్పాను. అది సగమే నిజం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో చప్పుళ్లు అడ్డదిడ్డంగా వస్తాయి, అక్కడ హెచ్‌ఆర్‌వీ అంకె ఆకాశంలో ఉంటుంది, అది జబ్బు. లయ పుట్టే చోటు నుంచి వచ్చిన చప్పుళ్ల మధ్య తేడా మాత్రమే నరాల మాట చెబుతుంది. మిగతాది ఏరి పక్కన పెట్టకుండా అంకె చూపించకూడదు.

మే 7

పొద్దున్నే నాన్నకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "పేపర్ దిద్దడంలో తప్పు జరిగిందన్నమాట. పర్వాలేదమ్మా, నిజం మార్కులే వెయ్యి" అన్నారు. రెండు రోజుల గీతల్నీ ప్రింటు తీశాను.

మే 9

డాక్టరు గారు ప్రింటు చూసి, ఒక్క లీడ్ గీతతో నిర్ణయించలేం కానీ తీసుకొచ్చి మంచి పని చేశారు అన్నారు. పొటాషియం పరీక్ష, 24 గంటల హోల్టర్ (రోజంతా ఒంటి మీదే ఉండి ఈసీజీ రాసే చిన్న పరికరం) రాశారు. లోతు ఊపిరి పరీక్ష అక్కడా చేశారు, 7 వచ్చింది. నా పరికరం 6 అన్నది.

మే 16

హోల్టర్ రిపోర్టు. రోజు మొత్తంలో ఎక్టోపిక్ బీట్లు 212, వరసగా వచ్చినవి లేవు. పొటాషియం కొంచెం తక్కువ, దానికి మందు సర్దారు. ఈ సంఖ్యకి భయపడక్కర్లేదు, కానీ మూడు నెలల్లో మళ్లీ చూడాలి అన్నారు.

రిపోర్టు చివర ఎస్‌డీఎన్‌ఎన్ 82 అని ఉంది. 24 గంటల మామూలు చప్పుళ్ల అంతరాలు మొత్తంగా ఎంత చెదిరాయో చెప్పే కొలత. దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. 1987లో క్లీగర్ బృందం గుండెపోటు నుంచి బయటపడ్డ 808 మందిని సగటున 31 నెలలు గమనించి ప్రచురించింది. ఈ అంకె 50 లోపు ఉన్నవాళ్లలో మరణాలు, 100 దాటినవాళ్లతో పోలిస్తే 5.3 రెట్లు. 1998లో అట్రామి అధ్యయనం 1,284 మందిలో చూసింది, అక్కడ హద్దు 70.

82ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ 808 మంది కాలంలో స్టెంట్లు వాడుకలోకి రాలేదు, ఇప్పటి మందులు చాలా లేవు. పైగా అవి గుంపు గురించి చెప్పే అంకెలు, మా నాన్న ఒక్కరి గురించి చెప్పేవి కావు. ఈ అంకె తగ్గడం వల్ల ప్రమాదం రాదు. లోపల నరాల పట్టు తగ్గినప్పుడు అదీ తగ్గుతుంది. డాక్టరు గారు కూడా దీని మీద మందు మార్చలేదు. షుగర్, బీపీ, నడక, మందులు మానకపోవడం, ఇవే అన్నారు.

మరో సంగతి: నా ఐదు నిమిషాల కొలతని ఈ 24 గంటల అంకెతో పోల్చకూడదు. రోజంతటి దాంట్లో నిద్ర, మెలకువ, మెట్లెక్కడం అన్నీ ఉంటాయి. ఫోన్ యాప్ చూపించే రెండు నిమిషాల అంకెని పట్టుకుని 50 లోపు ఉందని కంగారు పడేవాళ్లని మా కాలేజీలోనే ఇద్దర్ని చూశాను. ఇద్దరికీ కూర్చోబెట్టి చెప్పాను.

మే 24

ప్రోగ్రాం తిరగరాశాను. పక్కనున్న చప్పుళ్ల మధ్యస్థం కంటే ఏ అంతరమైనా ఇరవై శాతం తేడాగా ఉంటే గుర్తు పెడుతుంది. ఆ చప్పుడునీ అటూ ఇటూ తేడాల్నీ లెక్కలోంచి తీసేస్తుంది, కానీ పారేయదు. స్క్రీన్ మీద ముందు "గుర్తు పెట్టిన చప్పుళ్లు: 1" అని చూపించి, ఆ తర్వాతే అంకె. మూడు దాటితే అంకె చూపించదు, గీత చూడమంటుంది. పాత రికార్డింగులన్నీ మళ్లీ వేశాను. మే 4 నాటిది 18. మే 5ది 17. మార్చిలో ఒక రోజు 23 అని మురిసిపోయిన దాంట్లో ప్యాడ్ జారిన చప్పుడు ఉంది, తీస్తే 16.

ఎండలకి ప్యాడ్లు చెమటతో జారుతున్నాయి. పెట్టే ముందు పొడి గుడ్డతో తుడిచి, ఒక నిమిషం ఫ్యాను కింద ఆరనివ్వాలి. నిన్న కరెంటు పోయినా పరికరం నడిచింది, పవర్ బ్యాంక్ కాబట్టి.

రోజు అంకె తీసేసి ఏడు రోజుల మధ్యస్థం మాత్రమే పెద్దగా చూపిస్తున్నాను. ఈ వారం 17. నాన్న ఇప్పుడు ఆ అంకె అడగడం లేదు. చిన్న స్క్రీన్ పెట్టి గీత ఆయనకి కనిపించేలా తిప్పమన్నారు. పొద్దున్న పడుకుని తన ముళ్లు ఒక్కొక్కటీ పోతుంటే చూస్తూ, మధ్యలో చెయ్యెత్తి, "అదుగో, అది తొందరపడింది" అన్నారు. రికార్డింగ్ చూస్తే అక్కడ నిజంగానే ఒకటి ఉంది.

స్క్రీన్ ఆర్డర్ చేశాను. డబ్బా కోసం రేపు వడ్రంగి దగ్గరికి వెళ్లాలి.